డల్లాస్‌కి కొత్తగా వచ్చారా? పిల్లలు ఫైనాన్స్ చదువుతామంటే ఇవి చూసుకోండి

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు కొత్తగా దిగి, ఇంట్లో 10వ తరగతో 11వ తరగతో చదివే పిల్లలుండి, వాళ్లు "కంప్యూటర్ సైన్స్ వద్దు, ఫైనాన్స్ చదువుతా" అన్నారనుకోండి, కంగారు పడకండి. ఎంపీసీ వదిలేసి ఎంఈసీ తీసుకుంటే మన దగ్గర చుట్టాలు చూసే చూపు వేరు, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. పేరున్న బిజినెస్ స్కూల్లో సీటు ఇంజనీరింగ్ సీటుకేం తీసిపోదు, కొన్నిచోట్ల అంతకంటే కష్టం కూడా.

వీకెండ్ పాట్‌లక్‌లో ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు వార్టన్ అంటారు, ఇంకొకరు ఎన్‌వైయూ స్టెర్న్ అంటారు. గొప్పవే, కాదనను. వార్టన్ 1881 నుంచి ఉంది, అమెరికా యూనివర్సిటీల బిజినెస్ స్కూళ్లలో అన్నిటికంటే పాతది. కానీ హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సాయం రాదు, అలాంటి యూనివర్సిటీల్లో సిటిజెన్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కానివారికి సాయం తక్కువ, ఖర్చు ఏడాదికి 90 వేల డాలర్లు దాటుతుంది. అంత పెట్టుకోగలిగితే అప్లై చేయండి, లేకపోతే ఆ పేర్ల మీద బుర్ర పాడుచేసుకోకండి.

టెక్సస్‌లో అందరి కన్నూ యూటీ ఆస్టిన్ వాళ్ల బిజినెస్ స్కూల్ మెకూంబ్స్ మీదే, కొత్తవాళ్లు బోల్తా పడేదీ అక్కడే. స్కూల్లో టాప్ ర్యాంకుంటే యూటీ ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అడ్మిషన్ అని ఎవరో చెబుతారు. నిజమే, మొన్నటిదాకా టాప్ 6 శాతం ఉండేది, 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి 5 శాతం చేశారు. 500 మంది ఉన్న బ్యాచ్‌లో అంటే 25 మంది, అదీ 11వ తరగతి చివరి ర్యాంకును బట్టి. అయితే ఆ గ్యారంటీ యూనివర్సిటీకే గానీ బిజినెస్ స్కూల్‌కి కాదు. ర్యాంకు ఉండి కూడా మెకూంబ్స్ రాక వేరే మేజర్ వచ్చిన పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు, "ముందు చేరితే తర్వాత మారొచ్చులే" అనుకుంటారు, ఆ లోపలి ట్రాన్స్‌ఫర్‌కి పోటీ ఘోరంగా ఉంటుంది. కాబట్టి ఏ స్కూల్ అయినా సరే, మొదటి ఏడాదే నేరుగా బిజినెస్‌లో సీటు ఇస్తారా, లేక చేరాక మళ్లీ అప్లై చేయాలా అన్నది ముందు తేల్చుకోండి. ఇండియాలో 9, 10 చదివి వచ్చిన పిల్లలైతే ఆ మార్కులు ఇక్కడి జీపీఏలో, ర్యాంకులో ఎలా కలుపుతారో కౌన్సెలర్‌ని అడగండి, చేరిన మొదటి నెలలోనే అడగండి.

ఇక వీసా సంగతి. గ్రీన్‌కార్డో సిటిజెన్‌షిప్పో ఉన్నవాళ్లు ఈ పేరా వదిలేయొచ్చు. హెచ్-4 పిల్లలు జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేయకూడదు, ఫైనాన్స్‌లోనేమో ఇంటర్న్‌షిప్ లేకపోతే ఉద్యోగం దొరకడం చాలా కష్టం. పెద్ద బ్యాంకులు మూడో ఏడాది తర్వాతి సమ్మర్‌కి రెండో ఏడాదిలోనే మనుషుల్ని ఎంచుకుంటున్నాయి. పైగా 21 నిండితే హెచ్-4 పోతుంది. అందుకే చాలామంది కాలేజీ మొదట్లోనే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారుస్తారు, ఐ-539 (స్టేటస్ మార్పు ఫారం) వేసి ఇక్కడే మారాలా, హైదరాబాద్ వెళ్లి స్టాంపింగ్ చేయించుకోవాలా అన్నది లాయర్‌తో మాట్లాడి చూసుకోండి, ఆలస్యం మాత్రం చేయకండి. ఎఫ్-1కి మారాక ఐ-20లో (కాలేజీ ఇచ్చే వీసా పత్రం) మేజర్ పేరు పక్కన ఆరంకెల కోడ్ ఉంటుంది చూడండి. మామూలు ఫైనాన్స్‌ది 52.0801, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేదు, చదువయ్యాక పని చేసుకోవడానికి ఒక్క ఏడాదే ఇస్తారు. మేనేజ్‌మెంట్ సైన్స్ 52.1301, ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్ 27.0305 ఆ జాబితాలో ఉన్నాయి, వాటికి ఇంకో 24 నెలలు కలుస్తాయి, హెచ్-1బీ లాటరీలో ఎక్కువసార్లు పేరు వేసుకోవచ్చు. ఒకే రకం క్లాసులు చెప్పే రెండు స్కూళ్లు వేర్వేరు కోడ్‌లు పెట్టుకుని ఉండొచ్చు, కాబట్టి సీటు ఒప్పుకోకముందే మెయిల్ పెట్టి కోడ్ ఏమిటో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ర్యాంకింగుల్లో నాలుగైదు స్థానాల తేడా కంటే నా దృష్టిలో ఇదే పెద్ద తేడా.

ఫీజు విషయంలో ఒక మంచి మాట. తల్లిదండ్రులు హెచ్-1బీ మీద, పిల్లలు హెచ్-4 మీద ఉన్నా, రాష్ట్రంలో 12 నెలలుగా స్థిరంగా ఉంటూ పిల్లల్ని డిపెండెంట్‌గా చూపిస్తుంటే టెక్సస్‌లో ఇన్-స్టేట్ ఫీజు (రాష్ట్రవాసుల తక్కువ ఫీజు) వస్తుంది. పిల్లలు ఎఫ్-1కి మారితే అది ఉంటుందో లేదో మారకముందే యూనివర్సిటీని అడగండి. ఇంటి లీజు, పే స్టబ్‌లు, ట్యాక్స్ రిటర్న్‌లు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.

దగ్గరలో ఉన్నవాటిని "ఇంటి పక్కదే కదా" అని తీసేయకండి. రిచర్డ్‌సన్‌లోని యూటీ డల్లాస్‌లో ట్యూషన్ రేటు చేరినప్పటి నుంచి నాలుగేళ్లు మారదు, అడ్మిషన్ అప్లికేషన్‌తోనే మెరిట్ స్కాలర్‌షిప్‌కి కూడా చూస్తారు. డల్లాస్‌లోని ప్రైవేట్ యూనివర్సిటీ ఎస్‌ఎంయూలో కాక్స్ బిజినెస్ స్కూల్‌కి డల్లాస్ ఫైనాన్స్ వాళ్లలో మంచి పట్టుంది, కానీ ట్యూషనే 60 వేలు దాటుతుంది, స్కాలర్‌షిప్ రాకపోతే ఆలోచించుకోవాల్సిందే. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ మేస్ బిజినెస్ స్కూల్లో న్యూయార్క్ వెళ్లాలనుకునేవాళ్ల కోసం 'ఆగీస్ ఆన్ వాల్ స్ట్రీట్' అని ప్రత్యేకంగా ప్రోగ్రామ్ ఉంది. ఆయిల్, గ్యాస్ ట్రేడింగ్ మీద ఆసక్తి ఉంటే హ్యూస్టన్ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్ బావర్ చూడండి. అయినా అందరూ న్యూయార్కే వెళ్లాలని లేదు, బ్రోకరేజ్ కంపెనీ ష్వాబ్ హెడ్డాఫీసు ఇక్కడి వెస్ట్‌లేక్‌లోనే ఉంది, జేపీ మోర్గాన్ ప్లేనోలో ఉంది, గోల్డ్‌మన్ డల్లాస్‌లో వేలమంది పట్టే ఆఫీసు కడుతోంది.

ప్లేస్‌మెంట్ రిపోర్టులో సగటు జీతం ఒక్కటే చూసి మురిసిపోవద్దు. ఎంతమంది వివరాలు ఇచ్చారు, ఫైనాన్స్ వాళ్ల అంకె విడిగా ఉందా, "అనలిస్ట్" అంటే బ్యాంకింగా లేక కంపెనీలో అకౌంట్స్ పనా, ఇవి చూడండి. స్టూడెంట్ ఇన్వెస్ట్‌మెంట్ క్లబ్బుల గురించి కూడా అడగండి. చాలాచోట్ల వాటికీ అప్లికేషన్, ఇంటర్వ్యూ ఉంటాయి, కాలేజీ తెరిచిన మూడు నాలుగు వారాలకే పిల్లలు కోటు వేసుకుని వెళ్తారు, ఇంకా డార్మ్ తిండి అలవాటు కాకముందే. ఆ సంగతి తెలియక మొదటి సెమిస్టర్ వదిలేస్తే రెండో ఏడాది ఇంటర్వ్యూలకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

క్యాంపస్ చూడ్డానికి వెళ్తే మామూలు టూర్‌తో సరిపెట్టుకోకుండా బిజినెస్ స్కూల్ వాళ్లు పెట్టే సెషన్‌కి విడిగా రిజిస్టర్ చేసుకోండి. గైడ్ ట్రేడింగ్ ల్యాబ్ స్క్రీన్లు చూపిస్తున్నప్పుడు, ఈ ల్యాబ్‌లోకి మొదటి ఏడాది పిల్లల్ని రానిస్తారా అని అడగండి. ఇంటర్నేషనల్ విద్యార్థులను తీసుకునే కంపెనీలు కెరీర్ ఫెయిర్‌కి ఎన్ని వస్తాయో కూడా అడగండి, ఆ ప్రశ్న మీరు కాదు, మీ అబ్బాయో అమ్మాయో అడిగితే మంచిది.