పాత బజారు వీధి: రంగుకు ముందు నీళ్ల సంగతి

చిన్న పట్టణంలో పాత బజారును బాగు చేస్తామనగానే ముందు వచ్చేవి మూడు: గోడలకు ఒకే రంగు, పూల దిమ్మెల్లాంటి దీపస్తంభాలు, ఊరి పేరుతో ‘ఐ లవ్’ అక్షరాలు. రెండు వానాకాలాలు గడిచేసరికి రంగు పొక్కులు లేస్తుంది, స్తంభాల్లో సగం వెలగవు, దుకాణాలు మాత్రం బైపాస్ రోడ్డుకు తరలిపోతూనే ఉంటాయి. అక్కడ జరిగిన తప్పు, పనులు చేసిన వరుసలో ఉంది. నీళ్లు ముందు, కరెంటు తర్వాత, బేరం నడిచే ఏర్పాటు ఆ తర్వాత, రంగు చిట్టచివర.

ఇక్కడ చెప్పేది ఆంధ్ర, తెలంగాణల్లో కనిపించే మామూలు బజారు వీధి గురించి. గడియార స్తంభమో గాంధీ చౌకో మధ్యలో ఉంటుంది. దానికి అటూ ఇటూ నలభై నుంచి ఎనభై దుకాణాలు. డంగు సున్నంతో (గానుగలో నూరిన సున్నపు ముద్దతో) కట్టిన ఇటుక గోడలు, టేకు స్తంభాలు, ముందు అరుగు, పైన మిద్దె లేదా బంగళా పెంకు.

ఒక్కో తలుపుకు ఒక్కో కాగితం

పని మొదలుపెట్టే ముందు ప్రతి ఇంటి నంబరుకూ ఒక కాగితం తయారు చేయండి. యజమాని ఎవరు, వారసులు ఎందరు, అద్దెకు ఎవరున్నారు, పై అంతస్తులో ఏముంది, పైకప్పు ఏ రకం, గోడకు చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కింది, పగుళ్లు ఎక్కడున్నాయి అన్నీ అందులో రాయాలి. వీధి సర్వే ఎండాకాలంలో ఒకసారి, జోరువానలో ఒకసారి చేయాలి. వానలో గొడుగు పట్టుకుని అరగంట తిరిగితే ఏ గొట్టం ఎవరి గోడ మీద పోస్తోందో, నీళ్లు ఏ గడప ముందు ఆగుతున్నాయో తెలుస్తుంది. ఇది డ్రోన్ ఫోటోల్లో దొరకదు.

పగులు కనిపించగానే పూడ్చేయకండి. దాని మీద అడ్డంగా పలుచని గాజు పట్టీని రెండు కొసలా అతికించి తేదీ రాయండి. ఆరు నెలల్లో గాజు విరిగితే గోడ ఇంకా కదులుతోందని అర్థం, కారణం పునాదిలోనో పక్కింటి తవ్వకంలోనో వెతకాలి. విరగకపోతే అది పాత పగులు, సున్నంతో పూడ్చవచ్చు. 5 మి.మీ. దాటిన పగుళ్లు, పొట్ట ఉబ్బిన గోడలు ఉంటే పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. కొత్త అపార్ట్‌మెంట్లు మాత్రమే కట్టినవారు చాలాసార్లు ‘కూల్చేయండి’ అనే రాస్తారు. ఆ కాగితం మున్సిపాలిటీకి చేరి శిథిల భవనం నోటీసుగా మారితే తిప్పడం కష్టం.

అన్నిటికన్నా మొండి సమస్య ఉమ్మడి ఆస్తి. నలుగురు వారసుల్లో ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో ఉంటారు. పై అంతస్తుకు తాళం పడుతుంది, మిద్దె మీద రావి మొక్క పెరుగుతుంది, పదేళ్లకు కింది దుకాణం గోడ తడుస్తుంది. పంపకం తేలేదాకా ఆగితే ఇల్లు ఆగదు. వారసులందరూ ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి, మరమ్మతు ఖర్చు అద్దెలోంచి కోసుకునేలా అద్దెదారుతో పది పదిహేనేళ్ల లీజు రాసుకోవడం నడిచే దారి. పదకొండు నెలల అగ్రిమెంటును తిరగరాసుకుంటూ పోయే పద్ధతి ఇక్కడ పనికిరాదు. రేపు ఖాళీ చేయమంటారేమో అన్న భయంతో ఏ అద్దెదారూ పైకప్పు మీద డబ్బు పెట్టడు. ఏడాది దాటే లీజును రిజిస్టరు చేయించడం తప్పనిసరి.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం దగ్గర్లో ఉంటే దూరం టేపుతో కొలవండి. దాని హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. ఆ తర్వాతి 200 మీటర్లలో ఏం కట్టాలన్నా అనుమతి ఉండాలి.

నీళ్లు

బజారు ఇళ్లను ఎక్కువగా చంపేది సీసీ రోడ్డు. పాత పొర తీయకుండా దాని మీదే ఆరంగుళాల కాంక్రీటు వేస్తారు. మూడు సార్లు అలా జరిగితే రోడ్డు అడుగున్నర లేస్తుంది, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన దుకాణంలోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లాలి. వాన నీళ్లు అరుగు దాటి లోపలికి వస్తాయి. గోడ అడుగు భాగం మట్టిలో కూరుకుపోయి ఏడాదంతా తడిగా ఉంటుంది. అందుకని టెండరు పిలవకముందే కాగితం మీద రెండు వాక్యాలు రాయించండి: పాత పొర పూర్తిగా తవ్వి తీసేయాలి; కొత్త రోడ్డు ఎత్తు ప్రతి గడపకూ కనీసం ఆరంగుళాలు కింద ఉండాలి. పని జరిగే రోజున లెవెల్ ట్యూబుతో (ఎత్తులు సరిచూసే, నీళ్లు నింపిన సన్నని గొట్టంతో) ప్రతి పది గడపలకూ ఒకసారి కొలవండి. కాంక్రీటు గట్టిపడ్డాక వాదించి లాభం లేదు.

కాలువకు 100 అడుగులకు కనీసం ఆరంగుళాల వాలు ఇవ్వాలి. పైన మూసే పలకలు ఇద్దరు మనుషులు ఎత్తగలిగే బరువులో ఉండాలి. ఏకంగా స్లాబు పోస్తే పూడిక తీసే దారి ఉండదు, తొలి వానాకాలంలోనే కాలువ రోడ్డు మీదికి వస్తుంది.

మిద్దె లెక్క కూడా వేసుకోండి. గంటకు 50 మి.మీ. వాన పడితే 600 చదరపు అడుగుల మిద్దె మీంచి దాదాపు 2,800 లీటర్లు దిగుతాయి. నాలుగంగుళాల గొట్టం ఒకటి సరిపోతుంది కానీ రెండు పెట్టండి, ఒకటి ఆకులతో మూసుకుపోయినా రెండోది పనిచేస్తుంది. గొట్టం చివర గోడ పక్కన వదిలేయకుండా కాలువ దాకా తీసుకెళ్లాలి.

గోడలో మొలిచిన రావి, మర్రి, జువ్వి మొక్కలను చేత్తో పీకితే వేరుతో పాటు ఇటుకలు ఊడి వస్తాయి. వేలెడంత ఉన్నప్పుడే తీస్తే పోతుంది. మొదలు లావెక్కితే గోడకు సమంగా కోసి, వేరు ఉన్నంత మేర ఇటుకలు విప్పి, వేరు తీసి, సున్నంతో తిరిగి కట్టాలి. పైపైన కోసి సిమెంటు రుద్దితే మరుసటి ఏడు పక్క సందులోంచి వస్తుంది.

సున్నం, సిమెంటు

గోడ అడుగున చెమ్మ కనిపించగానే సిమెంటు ప్లాస్టరింగ్ చేయించడం మామూలు. సున్నపు గోడలోకి చేరిన తడి, మామూలుగా గోడ పైపొరలోంచి ఆవిరై పోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తడి ఇంకా పైకి ఎక్కి, సిమెంటు అయిపోయిన చోట బయటికొస్తుంది. తడిలో కరిగిన ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి దాన్ని పొడి చేస్తుంది. మూడేళ్ల తర్వాత సిమెంటు పలక ఊడిపడితే వెనక ఇటుక పిండి రాలుతుంది. సిమెంటు బాగానే ఉంది కదా, గోడే పాతదై పోయిందని అందరూ అనుకుంటారు. మచిలీపట్నం, భీమునిపట్నం లాంటి తీరపట్టణాల్లో గాలిలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి ఈ నష్టం ఇంకా తొందరగా జరుగుతుంది.

మందు ఇది. సిమెంటును చెమ్మ గీతకు రెండడుగుల పైదాకా సన్నని ఉలితో కొట్టి తీయండి. బ్రేకర్ మిషన్ వాడితే మెత్తని ఇటుకలు పగులుతాయి. గోడను ఒక ఎండాకాలమంతా ఆరనివ్వండి, తేలిన తెల్లటి ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి, నీళ్లతో కడగకండి. ఆ తర్వాతే సున్నం.

రాళ్ల సున్నాన్ని (బట్టీలో కాల్చిన సున్నపు గడ్డలను) నీళ్లలో వేయాలి. సున్నం మీద నీళ్లు పోస్తే ఎగిసి కళ్లలో పడుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు. అది బుసబుసా మరిగి చల్లారాక జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేలా కనీసం మూడు వారాలు మాగనివ్వాలి. తొందరపడి వాడితే చావని (నీళ్లలో పూర్తిగా విరగని) సున్నపు పలుకులు గోడ మీద తర్వాత పొక్కులుగా పేలతాయి. ప్లాస్టరింగ్‌కు ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, ఒకటిన్నర పాలు ఏటి ఇసుక. ఇటుక పొడి బాగా కాలిన ఇటుకది కావాలి. ఇసుకను గాజు సీసాలో నీళ్లతో కలిపి నిలవనిస్తే పైన తేరే ఒండ్రు, ఇసుక ఎత్తులో పన్నెండో వంతు మించకూడదు, మించితే కడిగి వాడండి.

20 మి.మీ. మందానికి 100 చదరపు అడుగులకు ఆరున్నర ఘనపుటడుగుల ముద్ద పడుతుంది, వృథాతో ఎనిమిది లెక్కేసుకోండి. ఒకే పొరగా కొట్టకండి: మొదట 12 మి.మీ. వేసి గీతలు గీయాలి, బిగిశాక 8 మి.మీ. తడిపిన గోనెపట్టలు కప్పి పది రోజులు తడి ఆరకుండా చూడాలి. ఏప్రిల్, మే ఎండల్లో చేస్తే వెంట్రుక పగుళ్లు వస్తాయి. అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను, కోస్తాలో తుఫాను రోజులు తప్పించి.

కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపితే ముద్ద బాగా పట్టుకుంటుంది. పాళ్లు మేస్త్రీకో రకంగా చెబుతారు కనుక మూడడుగుల నమూనా వేయించి మూడు వారాలు చూశాకే గోడ మీదికి వెళ్లండి. ‘ఒక తట్ట సిమెంటు కలిపితే గట్టిగా ఉంటుంది సార్’ అన్న మాటకు మాత్రం ఒప్పుకోకండి.

దూలాలు, పెంకులు

టేకు దూలం మధ్యలో సాధారణంగా బాగుంటుంది, గోడలో దూరిన కొస కుళ్లుతుంది. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. అరంగుళం దిగితే కొసను కోసి, పాత టేకుతోనే కొత్త ముక్క ఏటవాలు అతుకు వేసి బోల్టులు బిగించవచ్చు. దూలం మొత్తం మార్చనక్కర్లేదు. గోడలో తిరిగి పెట్టేటప్పుడు చుట్టూ కాస్త గాలి సందు వదలాలి, సిమెంటుతో బిగించేస్తే మళ్లీ అదే కథ. బంగళా పెంకులు చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి. కూల్చే ఇళ్ల దగ్గర పాత పెంకులు కొని వీధికంతటికీ ఒక చోట నిల్వ పెట్టుకోండి.

కరెంటు

బట్టల బజారుల్లో మంటలు చాలావరకు వైర్లలోంచి వస్తాయి. అరవై ఏళ్ల కిందట నాలుగు బల్బుల కోసం వేసిన లైను మీద ఇప్పుడు ఏసీ, ఫ్రిజ్ నడుస్తున్నాయి. టన్నున్నర ఏసీకి విడిగా 4 చదరపు మి.మీ. రాగి వైరు, లోడు మించితే తనంతట ఆగిపోయే 20 ఆంపియర్ల ఎంసీబీ స్విచ్ పెట్టాలి. దుకాణం మొత్తానికి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పనిచేసే ఎర్తు ఉండాలి. వైరును చెక్క మీద నేరుగా కొట్టకుండా గొట్టంలో నడపండి. వీధి మధ్యలో 4 మీటర్ల దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, ఫైరింజన్ రావాలి కదా. వేలాడే కేబుల్ టీవీ తీగలు కూడా ఆ దారికే అడ్డం.

రోడ్డు వెడల్పు, బేరం

రోడ్డు వెడల్పు చేయడానికి ఎంతవరకు కొట్టేయాలో చూపే ఎర్ర గీతలు గోడల మీద పడ్డాక కాదు, మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు తీసుకునే గడువులోనే లిఖితపూర్వకంగా చెప్పాలి. వట్టి ‘వద్దు’ అంటే వినరు. లెక్కలు పెట్టండి: వారం రోజులు ఉదయం, సాయంత్రం వాహనాలు లెక్కించి, వాటిలో బజారులో పనిలేకుండా దాటిపోయేవి ఎన్నో చూపించండి. వాటిని బయటి రోడ్డుకు మళ్లించడం, ఒకవైపు రాకపోకలు, సరుకు లారీలు ఉదయం తొమ్మిదిలోపే రావడం, రెండు వీధుల అవతల బైకుల పార్కింగు: ఈ నాలుగూ కలిపి ఆరు నెలలు పరీక్షగా నడపమని అడగండి. ముఖభాగం పది అడుగులు కోసేశాక మిగిలే గదిలో ఏ వ్యాపారమూ సాగదు.

తోపుడు బండ్లను తొలగిస్తే వీధి అందంగా ఉంటుందని కొందరు షాపువాళ్లే అడుగుతారు. పూలమ్మేవాళ్లు, మిరపకాయ బజ్జీల బండి పోయాక సాయంత్రం జనం కూడా పోతారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ విక్రయ కమిటీలో (టౌన్ వెండింగ్ కమిటీ) కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. ఆ కమిటీలోనే కూర్చుని బండ్లకు గీతలు గీయించుకోండి.

ఖాళీ పై అంతస్తులే బజారుకు దాచిన పెట్టుబడి. ట్యూషన్లు, దర్జీలు, డీటీపీ, అకౌంటెంట్లు, ఒంటరి ఉద్యోగుల గదులు అక్కడికి రావాలి. టూరిస్టుల కోసం కెఫే పెట్టడం ఆఖరి ఆలోచన. ఊరివాళ్లు రోజూ రాని వీధికి బయటివాళ్లు ఏడాదికోసారి వచ్చినా నిలవదు.

ఇదంతా తీరిక వేళల్లో సంఘం పెద్దలు చేసే పని కాదు. అమెరికాలో పాత బజారు వీధులను బాగు చేసే ‘మెయిన్ స్ట్రీట్’ పద్ధతిని 1977లో గేల్స్‌బర్గ్, మ్యాడిసన్, హాట్ స్ప్రింగ్స్ అనే మూడు చిన్న పట్టణాల్లో ప్రయోగించినప్పుడు ఊరికో పూర్తికాలం మేనేజరును పెట్టారు. అరవై దుకాణాలు నెలకు 400 చొప్పున వేసుకుంటే 24,000 రూపాయలు వస్తాయి. బజారు కాగితాలన్నీ తెలిసిన, మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగే ఒక మనిషికి జీతం అందులోంచి ఇవ్వవచ్చు.

చివరగా రంగు, బోర్డు

మొదట అయిదారు దుకాణాలు వరుసగా ఉన్న ఒక ముక్క మాత్రమే పూర్తి చేయండి. పుదుచ్చేరిలో ఇలాగే వైశ్యాల్ వీధి ఒక్కదాన్ని నమూనాగా తీసుకుని బాగు చేశారు, దానికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది.

సున్నపు గోడకు ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే సిమెంటు చేసిన పనే అదీ చేస్తుంది. వెల్లకు కిలో రాళ్ల సున్నానికి 5 లీటర్ల నీళ్లు, లీటరు సున్నపు పాలకు 4 గ్రాముల చొప్పున వేణ్నీళ్లలో కరిగించిన జిగురు. పాలంత పలుచగా మూడు పూతలు వేయాలి, చిక్కగా ఒకటి వేస్తే చేతికంటుతుంది. రాతి గోడలకు, చెక్కిన చెక్కకు రంగు అసలు వద్దు.

ఏసీపీ షీట్లు (దుకాణం ముందు కొట్టే అల్యూమినియం పలకలు), గోడంతా కప్పే ఫ్లెక్సీలు తీయించడం గొడవతో కూడిన పని. వెనక ఉన్న పాత సున్నపు అక్షరాలు, పువ్వులు బయటపడ్డాక చాలామంది యజమానులు తామే మెత్తబడతారు. కొత్త బోర్డు రెండడుగుల ఎత్తు మించకుండా, తలుపు పైకమ్మీకి ఎగువన, కిటికీలను కప్పకుండా ఉండాలి. తుప్పు పట్టని స్టీలు స్క్రూలను ఇటుకలో కాకుండా ఇటుకల మధ్య సందులో దించండి, రేపు బోర్డు మారినా ఇటుక పగలదు.

తర్వాత ఏటా చేసే పని కొంచెమే. మృగశిర కార్తెకు ముందు మిద్దెలు ఊడ్చి గొట్టాలు శుభ్రం చేయాలి, జారిన పెంకులు సర్దాలి, కాలువ పలకలు ఎత్తి పూడిక తీయాలి. దసరాకు ముందు గోడల మీద కొత్తగా మొలిచిన రావి మొక్కలు తీయాలి, సంక్రాంతికి వెల్ల వేయాలి. ఎవరి మిద్దెకు తాళం ఉందో ఆ తాళంచెవి ఒకటి బజారు సంఘం దగ్గర సంతకంతో ఉంచుకోవాలి.