పాత మోటర్‌హోమ్ మీటర్ల మరమ్మతు – 3వ పాఠం: పెట్రోలు ముల్లు

పోయిన పాఠంలో మీటర్ల పెట్టెను డ్యాష్‌బోర్డు నుంచి బయటికి తీయడం, దాని వెనక ఉండే పల్చటి రాగిరేకు సర్క్యూటు చిరగకుండా బల్బులు మార్చడం చూశాం. ఈసారి పెట్రోలు మీటరు. మన నమూనా బండి అదే జీఎంసీ మోటర్‌హోమ్, అంటే లోపల ఇల్లులా ఉండగలిగే బండి: అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని పాంటియాక్‌లో తయారై, 1973 నుంచి 1978 దాకా మోడళ్లుగా వచ్చింది. ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది. వెనక్కి వెళ్లే షాఫ్టు లేకపోవడం వల్లే లోపలి నేల అంత కిందికి దిగింది. ఆ నేల కిందే పెట్రోలు ట్యాంకులు రెండు, రెండూ కలిపి 50 గ్యాలన్లు, అంటే దాదాపు 190 లీటర్లు.

మీటరు తప్పు చూపుతోందంటే చాలామంది ముందు మీటరునే మార్చేస్తారు. అది పనిచేయకపోతే ట్యాంకు దించుతారు. రెండూ తొందరపాటే. ఈ బండిలో నేను మొదట అనుమానించేది ఎర్త్‌ని, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిని. మామూలు కారుకు ఉక్కు బాడీ ఉంటుంది కాబట్టి కరెంటు ఆ ఉక్కు గుండానే బ్యాటరీకి తిరిగి వెళ్తుంది. జీఎంసీ బాడీ ఫైబర్‌గ్లాసు, అల్యూమినియం. ఉక్కు ఉన్నది కింది ఛాసిస్‌లో మాత్రమే. అందువల్ల డ్యాష్‌బోర్డుకైనా, ట్యాంకుకైనా తిరుగుదారి ఒక వైరు మీద, ఆ వైరు చివర బిగించిన ఒక బోల్టు మీద ఆధారపడి ఉంటుంది. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. నలభై, యాభై ఏళ్లుగా ఆ ఉప్పునీరు తాగిన బోల్టు ఏ స్థితిలో ఉంటుందో ఊహించండి.

ఇక మీటరు పనితీరు. ఇది బాగా అర్థమైతే మిగతా పరీక్షలన్నీ వాటంతట అవే తడతాయి. ట్యాంకులో ఒక బెండు తేలుతూ ఉంటుంది. దాని చేతికి తగిలించిన చిన్న జారుడు ముక్క ఒక నిరోధం మీద కదులుతుంది. ఈ బండి తయారుచేసిన జీఎం (జనరల్ మోటార్స్) లెక్క ప్రకారం ట్యాంకు ఖాళీగా ఉంటే 0 ఓమ్‌లు, నిండితే 90. మీటరులో రెండు తీగచుట్టలు ఉంటాయి, ఒకటి ముల్లును ఖాళీ వైపు, రెండోది నిండు వైపు లాగుతుంది. ఇంజను తాళం స్విచ్ నుంచి వచ్చిన కరెంటు మొదట ఖాళీ చుట్టలోంచి వెళ్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది: ఒక పాయ నిండు చుట్ట గుండా డ్యాష్‌బోర్డు ఎర్త్‌కు, ఇంకో పాయ ట్యాంకు వైరు గుండా కిందికి. ట్యాంకు వైపు నిరోధం సున్నా అయితే కరెంటంతా అటే పారిపోతుంది, నిండు చుట్టకు ఏమీ మిగలదు. నిరోధం పెరిగేకొద్దీ నిండు చుట్టకు బలం వస్తుంది. బ్యాటరీ వోల్టేజి కొంచెం అటూఇటూ అయినా రెండు చుట్టలూ కలిసే మారతాయి కాబట్టి ముల్లు పెద్దగా చలించదు.

ఇప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. డ్యాష్‌బోర్డు ఎర్త్ తెగితే నిండు చుట్టకు కరెంటు పోయే దారి ఉండదు, ముల్లు ఖాళీ దగ్గరే పడి ఉంటుంది. ట్యాంకు వైరు గానీ ట్యాంకు ఎర్త్ గానీ తెగితే ముల్లు నిండు గీత దాటిపోతుంది. ముల్లు ఎటు పడిందో చూస్తేనే వెతకాల్సిన చోటు సగం తేలిపోయింది.

పూర్తిగా తెగినది సులువుగానే దొరుకుతుంది. తుప్పు పట్టి సగం పనిచేసే ఎర్త్‌తోనే అసలు చిక్కు. ట్యాంకు పావు వంతు ఉన్నప్పుడు లోపలి నిరోధం సుమారు 22 ఓమ్‌లు అనుకుందాం. తుప్పు దానికి మరో 20 కలిపితే మీటరుకు అందేది 42. ముల్లు సగం దగ్గర నిలబడుతుంది. 25 గ్యాలన్ల ట్యాంకులో పావు వంతు తేడా అంటే ఆరు గ్యాలన్లకు పైమాటే. ఇంత బరువైన బండికి గ్యాలనుకు తొమ్మిది మైళ్లు వస్తాయనుకున్నా, లేని పెట్రోలును నమ్మి యాభై మైళ్లకు పైగా ప్రయాణం పెట్టుకున్నట్టే. అందుకే ఈ లోపాన్ని చిన్నదిగా చూడవద్దని గట్టిగా చెబుతున్నాను.

పరీక్ష మొదలుపెడదాం. కావాల్సినవి ఒక మల్టీమీటరు (వోల్టులు, ఓమ్‌లు కొలిచేది), 100 ఓమ్‌ల వేరియబుల్ రెసిస్టరు, మొసలి క్లిప్పులున్న వైర్లు. స్విచ్ ఆపి, మీటరు వెనక ట్యాంకు వైరు ఊడదీయండి. జీఎం బండ్లలో ఇది సాధారణంగా లేత గోధుమ రంగులో ఉంటుంది, అయినా మీ బండి వైరింగ్ పటంతో సరిచూసుకోండి. ఆ వైరు స్థానంలో రెసిస్టరు తగిలించి, దాని రెండో కొసను మంచి ఎర్త్‌కు కలపండి. స్విచ్ వేసి నెమ్మదిగా తిప్పండి. 0 దగ్గర ఖాళీ, 40–45 మధ్య సుమారు సగం, 90 దగ్గర నిండు చూపితే మీటరులో లోపం లేదు, దాన్ని ఇక ముట్టుకోవద్దు. మీటరు పక్కన కరెంటు పరీక్షలు చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది: పెట్రోలు ఆవిరి ఉండే ట్యాంకు దగ్గర నిప్పురవ్వకు ఏ అవకాశమూ ఇవ్వకూడదు. ట్యాంకు దగ్గర చేయి పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తప్పనిసరిగా విప్పండి.

బ్రిటిష్ బండ్లలో ఉండే స్మిత్స్ మీటర్లకు ఈ పద్ధతి యథాతథంగా వర్తించదు. వాటిలో కొన్నిటికి 10 వోల్టుల స్టెబిలైజరు, వేడికి వంగే లోహపు పట్టీ ఉంటాయి. ట్యాంకు వైరును నేరుగా ఎర్త్ చేస్తే అవి కాలిపోవచ్చు.

మీటరు బాగుందని తేలాక, స్విచ్ ఆపి, ఊడదీసిన ట్యాంకు వైరుకూ ఛాసిస్‌కూ మధ్య ఓమ్‌లు కొలవండి. 90 దాటితే ఎక్కడో అదనపు నిరోధం చేరిందన్నమాట. బ్యాటరీ విప్పి ఉంచే, ట్యాంకు ఎర్త్ కొస నుంచి ఛాసిస్ మీద శుభ్రం చేసిన చోటికి ఒక కొత్త వైరు వేసి మళ్లీ కొలవండి. అంకె పడిపోతే దొంగ దొరికాడు. పాత బోల్టు విప్పి, కింద లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, కొత్త రింగు టెర్మినల్, పళ్ల వాషరు వేసి బిగించండి. పైన గ్రీజు పూయండి. కొత్త వైరు వేసినా అంకె మారకపోతే పొడవాటి వైరునూ మధ్యలోని ప్లగ్గులనూ చూడాలి. అవీ బాగుంటేనే ట్యాంకు దించే మాట.

ఉష్ణోగ్రత మీటరు ఉన్నవాళ్లు ఇంకో విషయం గమనించండి. ఇంజనుకు బిగించే సెన్సరులో వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది. అంటే అక్కడ ఎర్త్ చెడి నిరోధం కలిస్తే ఇంజను మరుగుతున్నా ముల్లు చల్లగానే చూపుతుంది. ఆ సెన్సరుకు ఎర్త్ దాని స్క్రూ మర గుండానే అందుతుంది కాబట్టి, కారుతోందని టెఫ్లాన్ టేపు మందంగా చుట్టేయకండి.

ఈ వారం అభ్యాసం: హెడ్‌లైట్లు వేసి, మీటర్ల పెట్టె ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజి కొలిచి రాసుకోండి. 0.2 వోల్టులు దాటితే డ్యాష్‌బోర్డు నుంచి ఛాసిస్‌కు విడిగా ఒక లావు వైరు వేయండి. తరువాతి పాఠంలో స్పీడోమీటరు కేబులు తీస్తాం. అది తిరిగే దారిలో ఎక్కడెక్కడ వంపులు ఉన్నాయో అప్పటికి చూసి పెట్టుకోండి.