రాత్రిపూట పసిబిడ్డ ముక్కు దిబ్బడ వేస్తే

నెలల పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు, అందుకే కాస్త చీమిడి అడ్డుపడినా గురగుర శబ్దం వస్తుంది, రెండు గుక్కలు తాగి పాలు వదిలేసి ఏడుస్తారు. పాలిచ్చే ముందు ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు సెలైన్ డ్రాప్స్ (మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కల మందు) వేసి, నిమిషం ఆగి, కిందికి జారింది మెత్తటి గుడ్డతో తుడవండి, చాలు. చీమిడి పీల్చే పంపుతో పదేపదే లాగితే లోపల వాచి ఇంకా బిగుస్తుంది. అమ్మమ్మలు ఏమన్నా సరే ముక్కులో నూనె వద్దు, కర్పూరం, విక్స్, సాంబ్రాణి పొగ అసలొద్దు. తల కింద దిండు పెట్టకుండా వెల్లకిలానే పడుకోబెట్టండి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా, దాటినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపోండి.