నాలుగేళ్ల పిల్లతో ఫ్రాన్సు పల్లెసీమకు: నెల్లూరు నుంచి ప్రయాణ ప్రణాళిక

రోహిణి కార్తె ఎండలకు నెల్లూరులో రోళ్లు పగులుతున్న రోజుల్లోనే, ఫ్రాన్సు నైరుతి భాగాన దోర్దోన్ నదీలోయలో చెర్రీలు పండుతుంటాయి, పగటి ఉష్ణోగ్రత తరచుగా ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల మధ్య ఉంటుంది. అక్కడి బడులకు వేసవి సెలవులు జూలైలో గానీ మొదలుకావు కనుక, మే చివరి నుంచి జూన్ రెండో వారం దాకా అద్దె ఇళ్లు చవకగా దొరుకుతాయి, దారులు ఖాళీగా ఉంటాయి. మన బడులు తెరిచేది కూడా జూన్ రెండో వారంలోనే కాబట్టి ఎల్.కె.జి. పిల్ల ఉన్న ఇంటికి ఇంతకంటే అనువైన కాలం ఏడాదిలో మరొకటి కనబడదు.

ప్రణాళికకు కూర్చునే ముందే ఒక ఆశ వదులుకోవాలి. పారిస్, నీస్, స్విట్జర్లాండ్ అన్నీ ఒకే ప్రయాణంలో చుట్టిరావాలన్న కోరిక పెద్దలకు సహజమే గాని, రెండు రోజులకొకసారి పెట్టె సర్దితే నాలుగేళ్ల పిల్ల మూడో ఊరికి చేరేసరికి తిండీ నిద్రా మానేస్తుంది. ఒకే ఇల్లు, కనీసం ఒక వారం, రోజుకు ఒకే ఒక్క పెద్ద పని అన్న లెక్కతో బయలుదేరినవారే పల్లెను చూస్తారు. ఈ వ్యాసంలో చెప్పేవన్నీ ఆ లెక్క మీద ఆధారపడినవే.

వీసా పని జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే మొదలుపెట్టడం మంచిది. ఫ్రాన్సుతో సహా చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. మనకు దగ్గరి కేంద్రం చెన్నైలో ఉంది, ఏప్రిల్ వస్తే అక్కడ అపాయింట్‌మెంట్ దొరకడం కష్టమవుతుంది. పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు, ఆరేళ్ల లోపు పిల్లలకు రుసుము లేదు, పన్నెండేళ్ల లోపువారికి వేలిముద్రలు అవసరం లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పిల్ల పాస్‌పోర్టు అయిదేళ్లకే ముగుస్తుంది కనుక, పసితనంలో తీయించినదైతే ముందుగా దాని గడువు చూసుకోవాలి. మీరు ఫ్రాన్సు విడిచే తేదీ తరువాత కూడా అది మూడు నెలలు చెల్లుబాటులో ఉండాలి.

పల్లెల్లో అద్దెకిచ్చే ఇళ్లను అక్కడ ‘జీత్’ అంటారు. జీత్ ద ఫ్రాన్స్ అనే సంస్థ వీటికి ఒకటి నుంచి అయిదు దాకా గింజకంకుల గుర్తులతో శ్రేణి ఇస్తుంది. సాధారణంగా శనివారం నుంచి శనివారం దాకా అద్దెకిస్తారు కాబట్టి విమాన టికెట్లు ఆ లెక్కకు కుదిరేలా తీసుకోవాలి. ఇంటి యజమానికి రాసేటప్పుడు మెట్ల గురించి విడిగా అడగండి. మేము దిగిన ఇంటి ఫోటోల్లో పడకగది అందంగా కనిపించింది గాని, దానికి వెళ్లే కొయ్యమెట్లు దాదాపు నిచ్చెనలా నిటారుగా ఉన్న సంగతి ఏ ఫోటోలోనూ లేదు. వారమంతా మా అమ్మాయిని చంకన వేసుకునే ఎక్కాము, దిగాము. ఇంట్లో ఈతకొలను ఉంటే మరింత జాగ్రత్త అవసరం. 2003 నాటి చట్టం ప్రకారం నేలలో తవ్విన ప్రతి కొలనుకూ కంచె, మూత, పైకప్పు, అలారం అనే నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటే చాలు. అలారం పిల్ల నీళ్లలో పడిన తరువాత మోగేది. కాబట్టి గొళ్లెం వేసే గేటుతో కంచె ఉన్న ఇంటినే ఎంచుకోండి, లేదా కొలను లేని ఇల్లు తీసుకోండి.

చెన్నై నుంచి రాత్రంతా విమానంలో గడిపి దిగిన రోజే కారు నడపకూడదు. పారిస్ నుంచి బోర్దో నగరానికి టి.జి.వి. అనే అతివేగ రైలులో సుమారు రెండు గంటలు. నాలుగేళ్ల లోపు పిల్లలు ఒడిలో కూర్చుంటే టికెట్ అక్కర్లేదు, నాలుగు నిండితే తీసుకోవాలి. బోర్దోలో ఒక రాత్రి నిద్రపోయి మరునాడు కారు తీసుకుంటే, దోర్దోన్ సీమలోని సార్లా పట్టణం రెండున్నర గంటల దూరం. పల్లెల్లో బస్సులు చాలా తక్కువ, కారు లేకుండా కుదరదు. ఇక్కడి రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లాలి, కారుతో పాటు పిల్ల సీటును ముందే అడగాలి. పదేళ్ల లోపు పిల్లలను తగిన సీటు లేకుండా కూర్చోబెట్టడం అక్కడ నేరం. వాహనాలు కుడివైపున నడుస్తాయన్నది అందరికీ తెలిసినదే. తెలియనిది మరొకటి ఉంది: ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు సందులోంచి వచ్చే బండికే ముందు దారి ఇవ్వాలి, అది ట్రాక్టరైనా సరే.

అసలు కష్టం గడియారంతో వస్తుంది. వేసవిలో అక్కడి సమయం మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది గనుక మొదటి రెండు మూడు రోజులు పిల్ల తెల్లవారుజాము మూడున్నరకే లేచి దోసె అడుగుతుంది. సాయంత్రం సంగతి దీనికి తలకిందులు: జూన్‌లో సూర్యుడు అస్తమించేది రాత్రి పది కావస్తుండగా, అంత వెలుగులో పడుకోమంటే ఏ పిల్లా వినదు. అక్కడి ప్రతి పాత ఇంటికీ కిటికీల బయట చెక్క తలుపులు ఉంటాయి. ఎనిమిదింటికే వాటిని మూసి గది చీకటి చేస్తే పని సులువవుతుంది. పగటిని కూడా దీనికి తగ్గట్టు అమర్చుకోవాలి: ఉదయం తొమ్మిదికి బయలుదేరి పెద్ద పని ముగించడం, మధ్యాహ్నం ఇంట్లో నిద్ర, అయిదు నుంచి ఏడు దాకా నది ఒడ్డునో పెరట్లోనో ఆట.

నడకకు పిల్లను ఇక్కడే అలవాటు చేయాలి. జనవరి, ఫిబ్రవరి ఉదయాల్లో మైపాడు ఇసుకలో రెండు కిలోమీటర్లు, ఒక ఆదివారం ఉదయగిరి కొండ మీద కొంత దూరం నడిపించి చూస్తే, ఎక్కడ చతికిలబడుతుందో మీకే తెలుస్తుంది. ఫ్రాన్సులో చిన్న వలయాకార నడకదారులకు చెట్ల మీద, రాళ్ల మీద పసుపు గీతలు వేసి ఉంటాయి, గీతలు అడ్డంగా ఖండించుకుంటే అది తప్పుదారి. ఆ గీతలు వెతికే పనిని పిల్లకు అప్పగిస్తే, ఎత్తుకోమన్న మాట గంటసేపు వినబడదు. గడ్డిలో నడిచి వచ్చాక మాత్రం మోకాళ్ల వెనుక, చంకల్లో, తలలో పిడుదులు పట్టాయేమో చూడాలి. వాటిని లాగే చిన్న కొక్కెం పచ్చ శిలువ గుర్తున్న ప్రతి మందుల షాపులోనూ దొరుకుతుంది.

సైకిలుకు సార్లా నుంచి పాత రైలుకట్ట మీద వేసిన దారి ఎంతో అనుకూలం, ఎత్తుపల్లాలు తక్కువ, కార్లు రావు. వెనుక పిల్లబండి తగిలించిన సైకిలు అద్దెకు అడగండి. పన్నెండేళ్ల లోపువారు వెనుక కూర్చున్నా సరే హెల్మెట్ పెట్టుకోవాలన్నది 2017 మార్చి నుంచి చట్టం. నది మీద పడవ తెడ్డు వేయాలని పెద్దలకు ఉబలాటం ఉంటుంది గాని, ఈత రానివారిని, అయిదేళ్లు నిండనివారిని పడవలు అద్దెకిచ్చేవారు చాలామంది ఎక్కించుకోరు. దానికి బదులు ల రోక్ గజాక్ రేవు నుంచి ‘గబార్’ అనే బల్లపరుపు కొయ్యపడవలో దాదాపు గంటసేపు తిరిగి రావచ్చు. ఒకప్పుడు సరుకులు మోసిన పడవల నమూనా అది.

ఆదిమానవుల చిత్రాలున్న లాస్కో గుహను తప్పక చూడాలంటారు చాలామంది, కానీ గుహల విషయంలో నా అభిప్రాయం కొంత వేరు. 1940లో బయటపడిన లాస్కో గుహను సందర్శకుల ఊపిరి వల్ల చిత్రాలు చెడుతున్నాయని 1963లో మూసివేశారు, 2016లో తెరిచిన పూర్తి నమూనాను ఇప్పుడు చూపిస్తున్నారు. గొప్ప పనే, కానీ గైడు వెంట గంటకు పైగా నిలబడి వినడం నాలుగేళ్ల వయసుకు మించిన పని. రూఫిన్యాక్ గుహలోకి చిన్న విద్యుత్ రైలు తీసుకెళుతుంది, గోడల మీద ఎప్పుడో అంతరించిన మామత్ ఏనుగుల బొమ్మలు వందకు పైగా ఉన్నాయి, అవి నమూనాలు కావు, అసలువే. రైలూ ఏనుగులూ ఒకేచోట ఉన్నాక పిల్లకు ఇంకేం కావాలి? లోపల చలి పదమూడు డిగ్రీలు, స్వెటరు మరిచిపోకండి.

భోజనశాలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకానే వడ్డిస్తారు, రాత్రి ఏడుకు ముందు పొయ్యి వెలిగించరు. కనుక బయటి భోజనం మధ్యాహ్నానికి, వంట రాత్రికి పెట్టుకోండి. సార్లాలో సంత బుధ, శనివారాల్లో జరుగుతుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా చాలా దుకాణాలు మూసి ఉంటాయి. ఇక్కడి నుంచి కందిపొడి, చారుపొడి తీసుకెళ్లవచ్చు. పాలతో చేసిన వస్తువులను ఐరోపాలోకి తేనివ్వరు కనుక అవ్వ ఎంత బతిమాలినా మలై కాజా, నెయ్యి పెట్టెలో పెట్టకండి, మామిడిపండ్లూ వద్దు. అక్కడి వెన్న చాలా బాగుంటుంది. పొట్లం మీద ‘దూ’ (doux) అని ఉన్న ఉప్పులేని రకం కొని కాచుకుంటే పప్పన్నంలోకి కమ్మటి నెయ్యి సిద్ధమవుతుంది.

అత్యవసరానికి 112 నంబరు గుర్తుంచుకోండి. దుప్పట్లు, తువ్వాళ్లు, చివరి రోజు శుభ్రం చేసే ఖర్చు అద్దెలో కలిసి ఉన్నాయో లేదో ముందే రాతపూర్వకంగా అడగాలి, చాలాచోట్ల కలిసి ఉండవు. శనివారం ఉదయం పదింటికే తాళం అప్పగించవలసి ఉంటుంది కాబట్టి శుక్రవారం రాత్రి పిల్ల నిద్రపోయాక గిన్నెలు కడిగి, పెట్టెలు సర్ది, ఆమె బొమ్మను మాత్రం బయట ఉంచండి.