మెయిల్ సర్వర్ మన చేతుల్లో – అయిదవ పాఠం: క్యూలో ఆగిన ఉత్తరాలు

గత పాఠంలో మెయిన్ డాట్ సీఎఫ్ అనే అమరికల ఫైలులో మన డొమైన్ పేరును, మన నెట్‌వర్క్ హద్దులను, ఉత్తరాలను పైకి అందించే రిలే చిరునామాను రాసి పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామును నడిపించాము. మొదటి ఉత్తరం అవతలి వారికి చేరగానే పని పూర్తయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి చేరిన ఉత్తరం మనకు నేర్పేది చాలా తక్కువ. చేరకుండా ఆగిన ఉత్తరం ఎక్కడ ఉంది, ఎందుకు ఉంది, ఇంకెంతకాలం ఉంటుంది అన్న మూడు ప్రశ్నలకు నల్లని తెర మీద జవాబు వెతుక్కోగలిగిన వారే ఈ ప్రోగ్రామును నడపగలరు. కనుక ఈ పాఠమంతా ఉత్తరాలు తమ వంతు కోసం వేచి ఉండే వరుస, అంటే క్యూ, గురించే ఉంటుంది.

పాత పాఠకులకు తెలిసిన మాటే అయినా, కొత్తగా చేరిన వారి కోసం మరొకసారి చెబుతున్నాను. ఇక్కడ ఆజ్ఞలను పలికే తీరున తెలుగులో రాస్తున్నాను. మీరు వాటిని ఇంగ్లీషు చిన్నక్షరాలతో, ఆజ్ఞ పేరు మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేయాలి. అడ్డగీత తర్వాత వచ్చే అక్షరం పెద్దదిగా ఉండాలంటే ఆ సంగతి విడిగా చెబుతాను.

ముందుగా ఉత్తరం నడిచే దారిని చూద్దాము. మీరు సెండ్‌మెయిల్ అన్న ఆజ్ఞతో ఒక ఉత్తరాన్ని పంపినప్పుడు పని చేసేది 1980లలో ఎరిక్ ఆల్‌మన్ రాసిన ఆ పాత సెండ్‌మెయిల్ కాదు. పాత స్క్రిప్టులు చెడిపోకుండా ఉండేందుకు పోస్ట్‌ఫిక్స్ తనతో పాటు తెచ్చుకున్న అదే పేరు గల చిన్న ప్రోగ్రాము అది. అది ఉత్తరాన్ని మెయిల్‌డ్రాప్ అనే డైరెక్టరీలో పడవేస్తుంది. పికప్ అనే సేవకుడు దానిని తీసి క్లీనప్‌కు ఇస్తాడు. క్లీనప్ లోపించిన హెడర్లను, అంటే పంపినవారు, తేదీ వంటి పై వివరాలను, చేర్చి ఇన్‌కమింగ్ క్యూలో పెడుతుంది. అక్కడి నుంచి క్యూ మేనేజర్ దానిని యాక్టివ్ క్యూలోకి తెచ్చి, ఊరి లోపలి ఉత్తరమైతే లోకల్‌కు, పరాయి ఊరిదైతే సర్వర్ల మధ్య ఉత్తరాలు మోసే ఎస్‌ఎంటీపీకి అప్పగిస్తుంది. ఆ అప్పగింత ప్రస్తుతానికి కుదరకపోతే ఉత్తరం డిఫర్డ్ క్యూలోకి పోతుంది. ఒకే పెద్ద ప్రోగ్రాము అన్నీ చేయకుండా పనిని ఇలా చిన్న చిన్న సేవకులకు పంచడం, ఒకరు దెబ్బతిన్నా మిగిలిన వారు నిలవడం అనేది వీట్సె వెనెమా 1990ల చివర దీనిని రాసినప్పటి నుంచీ ఉన్న పద్ధతి.

ఇప్పుడు క్యూను చూసే ఆజ్ఞ: పోస్ట్‌క్యూ -పి. మెయిల్‌క్యూ అని టైపు చేసినా ఇదే కనిపిస్తుంది. ప్రతి ఉత్తరానికీ మొదటి వరుసలో అంకెలు, అక్షరాలు కలిసిన ఒక గుర్తు, ఉత్తరం పరిమాణం, అది వచ్చిన సమయం, పంపిన వారి చిరునామా ఉంటాయి. దాని కింద కుండలీకరణాలలో ఆగిన కారణం, ఆ కింద అందవలసిన వారి చిరునామా ఉంటాయి. గుర్తు పక్కన నక్షత్రం ఉంటే ఆ ఉత్తరం ఇప్పుడు యాక్టివ్ క్యూలో ఉందని, ఆశ్చర్యార్థకం ఉంటే మనమో, మనం పెట్టిన నిబంధనో దానిని కావాలని ఆపామని, ఏమీ లేకపోతే తర్వాతి ప్రయత్నం కోసం ఎదురుచూస్తోందని అర్థం.

కుండలీకరణాలలోని ఆ కారణాన్ని చదవడమే అసలు విద్య. పోస్టుమ్యాన్ తిరిగి తెచ్చిన కవరు మీద రాసే మాటలను గుర్తు చేసుకోండి. ఇల్లు తాళం వేసి ఉందని రాస్తే రేపు మళ్లీ వెళ్లవచ్చు. ఆ పేరు గలవారు ఆ ఇంట లేరని రాస్తే మళ్లీ వెళ్లడం దండగ. ఎస్‌ఎంటీపీలో అవతలి సర్వరు ఇచ్చే మూడంకెల జవాబు 4తో మొదలైతే అది తాళం వేసిన ఇల్లు, 5తో మొదలైతే మనిషే లేని ఇల్లు. 450, 451 వంటి జవాబులకు పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాన్ని డిఫర్డ్ క్యూలో దాచి మళ్లీ ప్రయత్నిస్తుంది. 550 వంటి జవాబుకు వెంటనే పంపిన వారికి తిప్పి పంపుతుంది. కనుక 5తో మొదలయ్యే జవాబు వచ్చిన ఉత్తరం కోసం క్యూలో వెతికి లాభం లేదు, అది అక్కడ ఉండదు.

దీనిని చేతితో చేసి చూడండి. మీ కంప్యూటరుకు వచ్చే నెట్ తీగను పీకేసి, మీ సొంత జీమెయిల్ చిరునామాకు ఒక ఉత్తరం పంపి, రెండు నిమిషాలు ఆగి పోస్ట్‌క్యూ -పి నడపండి. హోస్ట్ లేదా డొమైన్ పేరు దొరకలేదన్న ఇంగ్లీషు వాక్యం కనిపిస్తుంది. కొత్తవారు ఇది చూసి చిరునామా తప్పు రాశామని కంగారుపడి, ఆ ఉత్తరాన్ని తుడిచేసి మరొకటి రాస్తారు. ఆ వాక్యాన్ని చివరిదాకా చదవండి: ట్రై అగైన్ అన్న రెండు మాటలతో అది ముగుస్తుంది. పేరును అడగడానికి, పేర్లకు నెట్ చిరునామాలు చెప్పే డీఎన్ఎస్ సర్వరే అందలేదని, చిరునామా మంచిదో చెడ్డదో ఇంకా తేలలేదని దాని అర్థం. ఇందుకు భిన్నంగా తీగ తగిలించే ఉన్నా కనెక్షన్ టైమ్డ్ అవుట్ అన్న మాట వస్తుంటే, పేరు దొరికింది కానీ తలుపు తెరుచుకోలేదన్నమాట. పోస్ట్‌ఫిక్స్ చేసిన ప్రతి పనీ నమోదయ్యే లాగ్ ఫైలులో అదే ఉత్తరం వరుసను తీసి, డిలేస్ అన్న మాట పక్కన వాలుగీతలతో విడదీసిన నాలుగు అంకెలు చూడండి. క్యూ మేనేజరుకు చేరేదాకా పట్టిన సమయం, దాని దగ్గర గడిపిన సమయం, అవతలి సర్వరుతో సంబంధం కలపడానికి పట్టిన సమయం, ఉత్తరాన్ని అందించడానికి పట్టిన సమయం వరుసగా ఉంటాయి. మూడవ అంకె 30 దగ్గర ఉండి నాలుగవది సున్న అయితే, పోస్ట్‌ఫిక్స్ అవతలి సర్వరు తలుపు ముందు నిలబడి 30 సెకండ్లు ఎదురుచూసి వెనుదిరిగిందన్నమాట. ఆ గడువు డిఫాల్టుగా అంతే. ఇళ్లకు ఇచ్చే నెట్ కనెక్షన్లలో, సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకునే తలుపైన 25వ పోర్టును మూసి ఉంచడం సాధారణం కనుక, రిలే లేకుండా నేరుగా పంపబోయిన వారికి ఈ 30 తరచుగా ఎదురవుతుంది. వారు నాలుగవ పాఠానికి వెళ్లి, 587వ పోర్టు ద్వారా రిలేకు పంపే భాగాన్ని మళ్లీ చేయాలి.

ఇక కాలం లెక్క. క్యూ మేనేజరు డిఫర్డ్ క్యూను 300 సెకండ్లకు ఒకసారి తిరగేస్తుంది. ఒక ఉత్తరం మొదటిసారి విఫలమైతే కనీసం 300 సెకండ్లు ఆగుతుంది. ఉత్తరం వయసు పెరిగిన కొద్దీ విరామమూ పెరిగి 4000 సెకండ్ల దగ్గర, అంటే గంటా ఆరు నిమిషాల పైచిలుకు దగ్గర, ఆగిపోతుంది. ఇలా అయిదు రోజులు గడిచిన తర్వాత కూడా ప్రయత్నం విఫలమైతే ఉత్తరం పంపిన వారికే తిరిగి వస్తుంది. ఈ అయిదు రోజుల గడువు పేరు మాగ్జిమల్ క్యూ లైఫ్‌టైమ్. ఆజ్ఞలో రాసేటప్పుడు మాటల మధ్య కింది గీతలు పెట్టాలి. మీ దగ్గర అది ఎంత ఉందో తెలుసుకోవడానికి పోస్ట్‌కాన్ఫ్ అని రాసి, ఖాళీ వదిలి, ఆ పేరు ఇవ్వండి. 5డి అని జవాబు వస్తుంది. డి అంటే దినాలు.

ఈ అయిదు రోజుల విలువ నాకు తిత్లీ తుఫానులో తెలిసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. కాశీబుగ్గలోని ఒక జీడిపప్పు వ్యాపారి కార్యాలయంలో నేను అమర్చిన పోస్ట్‌ఫిక్స్ పెట్టె ఒకటి ఉండేది. ముందురోజు సాయంత్రం, వానగాలికి నెట్ అప్పటికే వస్తూ పోతూ ఉండగా, ఆయన ధరల పట్టికలను, సరుకు పంపిన వివరాలను 41 మందికి పంపారు. అవన్నీ డిఫర్డ్ క్యూలో నిలిచాయి. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకూలి, కరెంటు స్తంభాలు విరిగిపడి ఉన్న ఆ రోజుల్లో మెయిల్ గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. రెండు రోజుల తర్వాత అతికష్టం మీద ఫోనులో దొరికినప్పుడు, ఉత్తరాలు క్యూలో భద్రంగా ఉన్నాయని, నెట్ రాగానే వాటంతటవే వెళ్తాయని నేను ఆయనకు ధైర్యం చెప్పాను.

ఆరవ రోజున వారు లెక్కల పని కోసం జనరేటరు పెట్టి కంప్యూటర్లన్నీ ఆన్ చేశారు. నెట్ ఇంకా రాలేదు. పోస్ట్‌ఫిక్స్ లేచింది, 41 ఉత్తరాలనూ ఒకసారి పంపబోయింది, విఫలమైంది, వయసు చూసింది, అయిదు రోజులు దాటాయి కనుక అన్నింటినీ తిప్పి పంపింది. పంపిన చిరునామా ఆ పెట్టెలోనిదే కాబట్టి తిరుగు టపా అందడానికి నెట్ అవసరం కూడా లేకపోయింది. పెట్టె ఆగి ఉన్నంతకాలం గడువు కూడా ఆగి ఉంటుందని నేను అనుకోవడమే తప్పు. లెక్కించేది ఉత్తరం వచ్చిన సమయం నుంచి, పెట్టె నడిచిన గంటలను కాదు.

ఇంతకంటే సిగ్గుపడవలసిన తప్పు తర్వాత చేశాను. నెట్ వచ్చిన రోజున దూరం నుంచే లాగిన్ అయి పోస్ట్‌క్యూ -పి నడిపితే, మెయిల్ క్యూ ఖాళీగా ఉందన్న వాక్యం ఒక్కటే కనిపించింది. అన్నీ చేరిపోయాయని సంతోషించి పడుకున్నాను. మర్నాడు ఆయన ఫోను: “ఏటి మాస్టారూ, ఎవులికీ మెయిల్ అందనేదట!” క్యూ ఖాళీ కావడానికి దారులు రెండు ఉన్నాయి, ఉత్తరం చేరడం ఒకటి, తిరిగిపోవడం మరొకటి, పోస్ట్‌క్యూ ఆ రెండింటికీ తేడా చెప్పదు. చెప్పేది లాగ్ ఫైలే. అందులో స్టేటస్ పక్కన సెంట్ అని ఉంటే చేరింది, డిఫర్డ్ అంటే ఆగింది, బౌన్స్‌డ్ అంటే తిరస్కరించబడింది, ఎక్స్‌పైర్డ్ అంటే గడువు తీరి వెనక్కు వచ్చింది. ఉబుంటు సర్వరు, 2023కు ముందటి డెబియన్ వాడే వారు వార్ డైరెక్టరీలోని లాగ్ లోపల మెయిల్ డాట్ లాగ్‌ను గ్రెప్‌తో వెతికితే చాలు.

ఇటువంటి పరిస్థితికి మందులు మూడు ఉన్నాయి. మొదటిది గడువును పెంచడం. పోస్ట్‌కాన్ఫ్ -ఇ అని రాసి, మాగ్జిమల్ క్యూ లైఫ్‌టైమ్ అన్న పేరును, సమాన గుర్తును, 10డి అన్న విలువను మధ్యలో ఖాళీలు లేకుండా ఇచ్చి, తర్వాత పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ నడపండి. ఇప్పటికే క్యూలో ఉన్న ఉత్తరాలకు కూడా కొత్త గడువు వర్తిస్తుంది. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. మెయిల్‌బాక్స్ పరిమాణానికి సున్న ఇస్తే పరిమితి లేదని అర్థం, డెబియన్‌లో అది అలాగే వస్తుంది కూడా. అదే ధోరణిలో ఈ గడువుకు కూడా సున్న ఇస్తే, ఒక్కసారి మాత్రమే ప్రయత్నించి తిప్పి పంపమని చెప్పినట్లవుతుంది. మెయిన్ డాట్ సీఎఫ్‌ను చేతితో దిద్దేవారికి మరొక మాట: అందులో వ్యాఖ్య రాయాలంటే హ్యాష్ గుర్తు వరుస మొదట్లోనే ఉండాలి. విలువ పక్కనే హ్యాష్ పెట్టి గమనిక రాస్తే, అది కూడా విలువలో భాగమైపోతుంది.

రెండవది ఉత్తరాలను హోల్డ్ క్యూలోకి మార్చడం. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే తుఫాను హెచ్చరిక ముందే వస్తుంది, మన చేతిలో కొన్ని గంటలు ఉంటాయి. రూట్ అధికారంతో పోస్ట్‌సూపర్ -హెచ్ ఆల్ అని నడపండి. హెచ్ చిన్నక్షరం, ఆల్ మాత్రం మూడూ పెద్దక్షరాలే. పొరపాటున అన్నింటి మీదా చేయి వేయకుండా ఉండేందుకే ఆ నియమం. హోల్డ్‌లో ఉన్నంతకాలం ఆ ఉత్తరాలను పంపే ప్రయత్నం జరగదు, వాటి గడువు తీరిందని తిప్పి పంపడమూ జరగదు. అయితే విడిచిపెట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. పెద్దక్షరం హెచ్‌తో విడిస్తే ఉత్తరం పాత వయసుతోనే బయటికి వస్తుంది. ఆరు రోజులు ఆపిన ఉత్తరమైతే మొదటి ప్రయత్నం విఫలమైన క్షణంలోనే తిరిగిపోతుంది. ఎక్కువ రోజులు ఆపిన వాటిని పోస్ట్‌సూపర్ -ఆర్ ఆల్‌తో విడవాలి. ఈ ఆర్ చిన్నక్షరం. అప్పుడు ఉత్తరం మళ్లీ మెయిల్‌డ్రాప్‌కు వెళ్లి, పికప్, క్లీనప్‌ల మీదుగా కొత్త ఫైలుగా నడిచి వస్తుంది, వయసు మొదటి నుంచి మొదలవుతుంది.

మూడవది పంపిన వారికి ముందే చెప్పడం. డిలే వార్నింగ్ టైమ్ అన్న విలువ సహజంగా సున్న, అంటే హెచ్చరిక ఉండదు. దానిని 4హెచ్ చేస్తే, నాలుగు గంటలు దాటినా చేరని ఉత్తరం గురించి పంపిన వారికి ఒక చీటీ వస్తుంది. ఆ వ్యాపారికి అటువంటి చీటీ ఒక్కటి వచ్చి ఉంటే, ఫోను కలిసిన చోటికల్లా కబురు చెప్పుకొనేవారు.

మన వైపు వచ్చే ఉత్తరాల సంగతి కూడా అడుగుతారు. మన పెట్టె మూతపడితే పంపేవారి సర్వర్లు తమ క్యూలలో దాచుకుంటాయి. కనీసం నాలుగయిదు రోజులు ప్రయత్నించాలని ఎస్‌ఎంటీపీ ప్రమాణమే చెబుతోంది. ఆ గడువు మన చేతిలో ఉండదు.

నెట్ తిరిగి వచ్చాక 4000 సెకండ్ల విరామం తీరేదాకా కూర్చోనవసరం లేదు. పోస్ట్‌క్యూ -ఎఫ్ నడిపితే ఆగినవన్నీ వెంటనే మరొక ప్రయత్నానికి లేస్తాయి. ఒక్క ఉత్తరమే కావాలంటే -ఐ పక్కన దాని గుర్తు ఇవ్వండి. పోస్ట్‌క్యూ -ఎఫ్‌ను, ఆజ్ఞలను వేళకు తనంతట తానే నడిపే క్రాన్‌లో పెట్టి నిమిషానికొకసారి నడిపేవారిని చూశాను. అవతలి సర్వరు అసలే మళ్లీ రమ్మంటోంది. నిమిషానికొకసారి తలుపు కొడితే మన మీద అనుమానం పెరుగుతుందే తప్ప ఉత్తరం వెళ్లదు, పైగా మామూలుగా వెళ్లవలసిన ఉత్తరాలు కూడా వెనకబడతాయి. తుడిచివేయడానికి పోస్ట్‌సూపర్ -డి, పక్కన గుర్తు. దీనికి వెనక్కు తెచ్చే మార్గం లేదు కనుక, ముందు పోస్ట్‌క్యాట్ -హెచ్‌క్యూ, గుర్తు ఇచ్చి హెడర్లు చూడండి. హెచ్ లేకుండా క్యూ ఒక్కటే ఇస్తే ఉత్తరం మొత్తం తెరుచుకుంటుంది. పరాయివారి ఉత్తరం చదవకుండా పని జరిగేటప్పుడు చదవకపోవడమే మర్యాద.

వచ్చే పాఠం లోపల చేయవలసిన అభ్యాసం ఇది. నెట్ తీగ పీకి మీ చిరునామాకే మూడు ఉత్తరాలు పంపండి. ఒకదానిని హోల్డ్‌లో పెట్టండి, ఒకదానిని హెడర్లు చూసి తుడిచేయండి, మూడవదానిని అలాగే వదలండి. తీగ తిరిగి తగిలించి, ఏ ఆజ్ఞా ఇవ్వకుండా మూడవ ఉత్తరం ఎంతసేపటికి చేరిందో గడియారం చూసి రాసుకోండి. తర్వాత హోల్డ్‌లోని దానిని -ఆర్‌తో విడిచి, పాత గుర్తును, లాగ్‌లో కనిపించే కొత్త గుర్తును పక్కపక్కన రాసుకోండి. ఆరవ పాఠంలో ఎలియాస్ పట్టికను తెరిచేటప్పుడు ఆ కాగితం మీ దగ్గర ఉండాలి.