ఇంట్లో కంప్యూటర్‌కి ఏ వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్? ముందు మీ మెషీన్‌ని అడగండి

గాజువాకలో ఉండే మా బావమరిది ఒకరోజు రాత్రి పదింటికి ఫోన్ చేసి, "బావా, వర్చువల్‌బాక్స్ ఎక్కించమంటావా, వీఎంవేర్ ఎక్కించమంటావా?" అన్నాడు. ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఉందా లేదా, విండోస్ హోమా ప్రోనా అని నేను మూడు ప్రశ్నలు అడిగితే ఒక్కదానికీ జవాబు లేదు. చాలామంది ఇలాగే సాఫ్ట్‌వేర్ పేరు దగ్గర మొదలెడతారు. నా అనుభవంలో అది ఆఖరున తేలాల్సిన విషయం, పై మూడూ తెలిస్తే సగం అదే తేలిపోతుంది.

వర్చువల్ మెషీన్ అంటే మీ కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడపడమే, కాబట్టి దానికి ఇచ్చే ర్యామ్ మీ ర్యామ్‌లోంచే పోతుంది. 8 జీబీ ఉన్న లాప్‌టాప్‌లో విండోస్ 11, బ్రౌజర్ కలిసి దాదాపు సగం పట్టుకుంటాయి, అందుకని లోపలి మెషీన్‌కి 2 జీబీ, మహా అయితే 3 ఇవ్వగలరు. లుబుంటు, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికైన లినక్స్ రకాలు (లినక్స్ అంటే విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) అందులో బాగానే నడుస్తాయి. అదే విండోస్ 11 పెట్టాలంటే మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస లెక్కే 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్. అలాంటప్పుడు బయట 16 జీబీ ఉండాల్సిందే. ఇంకా పాత హార్డ్ డిస్క్ మీదే ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ వేసినా నత్తనడకే, ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఆ తేడా ఏ సెట్టింగూ ఇవ్వదు.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే వర్చువలైజేషన్ (వర్చువల్ మెషీన్ నడపడానికి ప్రాసెసర్‌లో ఉండే సదుపాయం) ఎనేబుల్డ్ అనో డిసేబుల్డ్ అనో కనిపిస్తుంది. డిసేబుల్డ్ అని ఉంటే విండోస్ మొదలయ్యే ముందు తెరిచే సెట్టింగుల మెనూ, అంటే బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి, ఇంటెల్ అయితే ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అని, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. ఇక్కడ సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనేవాళ్లకి ఒక మాట. నేను ద్వారకానగర్‌లో ఒక షాపులో ఆఫీసు నుంచి వచ్చిన లాప్‌టాప్ కొన్నాను, ఇంటికొచ్చి చూస్తే వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉంది, బయోస్‌కేమో పాత కంపెనీ పాస్‌వర్డ్. అది షాపువాళ్లకీ తెలీదు, మార్పించుకునేసరికి వారం రోజులు తిరగాల్సి వచ్చింది. డబ్బులు ఇచ్చే ముందే, షాపులోనే, బయోస్ తెరిచి చూపించమని అడగండి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్.

విండోస్ హోమ్ ఉన్నవాళ్లకి నేను మొదట చెప్పేది వర్చువల్‌బాక్స్. ఒరాకిల్‌ది, ఓపెన్ సోర్స్, ఉచితం, ఏ ఖాతా తెరవక్కర్లేదు. 7.0 నుంచి యూఎస్‌బీ 2, 3 సపోర్ట్ అసలు ప్యాకేజీలోనే వస్తోంది, టీపీఎం కూడా ఉంది. అందుకని అదనపు సదుపాయాల కోసం విడిగా వేసుకునే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ చాలామంది ఇళ్లలో అవసరమే పడదు. దాని లైసెన్స్ వేరు, సొంత వాడకానికి ఉచితమే గానీ ఆఫీసులో వేసేముందు చదవండి. మెషీన్ కిటికీలో కింద వరసన ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే మాత్రం వెనకాల విండోస్ సొంత వర్చువల్ మెషీన్ సదుపాయం హైపర్-వీ నడుస్తోందని, దాని మీద ఆధారపడి మీ మెషీన్ నెమ్మదిగా పోతోందని అర్థం. దానికి ఒక కారణం విండోస్ సెక్యూరిటీలో ఉండే మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ సెట్టింగ్. అది ఆపేస్తే వేగం రావచ్చు, కానీ అదే లాప్‌టాప్‌లో బ్యాంకు పనులు చేసుకుంటుంటే ఆపకండి, నెమ్మదిగా నడిచినా పర్లేదు.

వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సినది. 2023లో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ని కొన్నాక, 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితం చేశారు. డౌన్‌లోడ్‌కి బ్రాడ్‌కామ్ సైట్‌లో ఖాతా తెరవాలి, అది కాస్త తిప్పలే. కానీ లోపల విండోస్ డెస్క్‌టాప్ రోజూ వాడాలనుకుంటే స్క్రీన్, గ్రాఫిక్స్ నా కళ్లకి ఇందులోనే హాయిగా కదులుతాయి. ఖాతా గొడవ ఎందుకని ఎవరో టెలిగ్రామ్‌లో పెట్టిన ఫైల్ మాత్రం దించుకోకండి.

విండోస్ ప్రో ఉంటే హైపర్-వీ మీ దగ్గర ముందే ఉంది, విండోస్ ఫీచర్స్‌లో టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే చాలు. హోమ్‌లో రాదు. దాని లోపం ఏంటంటే పెన్‌డ్రైవ్, యూఎస్‌బీ లాక్ (కొన్ని సాఫ్ట్‌వేర్‌లు తెరుచుకోవడానికి పెట్టే డాంగిల్) లాంటివి నేరుగా లోపలి మెషీన్‌కి ఇవ్వలేం.

బీటెక్ పిల్లలు చాలామంది లినక్స్ కమాండ్లు, పైథాన్, సీ నేర్చుకోవడానికే వర్చువల్ మెషీన్ అడుగుతారు. వాళ్లకి అసలు ఇవేవీ వద్దు, విండోస్‌లోనే లినక్స్ నడిపే మైక్రోసాఫ్ట్ సదుపాయం డబ్ల్యూఎస్‌ఎల్ 2 చాలు, హోమ్‌లో కూడా నడుస్తుంది. లినక్స్ వాడేవాళ్లకి కేవీఎం అనే వర్చువల్ మెషీన్ సదుపాయం 2007 నుంచి కెర్నల్‌లోనే (లినక్స్ అసలు గుండెకాయలోనే) ఉంది, దాన్ని మౌస్‌తో నడిపించుకోవడానికి పైన వర్ట్-మేనేజర్ వేసుకోండి. ఎం1 దగ్గర్నుంచి వచ్చిన మ్యాక్‌లకి యూటీఎం అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, కానీ ఆ మ్యాక్‌ల ప్రాసెసర్ రకమైన ఏఆర్ఎం కోసం చేసిన సిస్టమ్‌లే వేగంగా నడుస్తాయి, మామూలు పీసీ విండోస్‌ని ఎమ్యులేషన్‌లో (వేరే రకం ప్రాసెసర్‌ని అనుకరిస్తూ) నడిపితే ఓపిక పరీక్షే.

పెళ్లి శుభలేఖల డీటీపీ చేసే మా స్నేహితుడికి ఇంకా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు కావాలి. ఇన్నేళ్ల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, పారేయలేడు. వర్చువల్‌బాక్స్‌లో పాత విండోస్ ఎక్స్‌పీ వేసి ఇచ్చాను. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌తోనే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి నెట్‌వర్క్ అడాప్టర్ తీసేసి, ఫైళ్లు తీయడానికి షేర్డ్ ఫోల్డర్ ఒక్కటే పెట్టాను. పాత విండోస్ వేసేవాళ్లు ఇలాగే చేయండి. విండోస్ ఏదైనా లోపలి మెషీన్‌కి లైసెన్స్ కీ వేరుగా ఉండాలని కూడా గుర్తుంచుకోండి.

మన దగ్గర గాలివాన రాగానే కరెంటు పోతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో మెషీన్ నడుస్తుండగా కరెంటు పోయి నాకు ఒకసారి డిస్క్ ఫైలే పాడైంది. మబ్బు పట్టగానే సేవ్ స్టేట్ కొట్టేయండి, కొన్ని సెకన్లలో ఎక్కడిదక్కడ దాచేస్తుంది. కొత్తది ఏదైనా ఎక్కించే ముందు స్నాప్‌షాట్ (తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి మెషీన్ అప్పటి స్థితి దాచుకోవడం) తీసుకోండి, కానీ అది అదే డిస్క్ మీద ఉంటుంది, డిస్క్ పోతే అదీ పోతుంది. అందుకని నెలకోసారి మెషీన్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, దాని ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. మా డీటీపీ స్నేహితుడి కంప్యూటర్ మార్చినప్పుడు ఆ ఫోల్డర్ కొత్తదాంట్లో పెట్టి, వర్చువల్‌బాక్స్ వేసి తెరిచాను, పేజ్‌మేకర్ సహా అన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి.