5 వాట్లే కదా అని ధీమా వద్దు: పై బ్యాండ్లలో చిన్న పవరు ప్రయోగాలకు జాగ్రత్తలు

హామ్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకుని ఔత్సాహికులు సరదాగా నడిపే రేడియోలో, క్యూఆర్‌పీ అంటే మోర్స్‌లో (చుక్కలు, గీతల సంకేతాల్లో) 5 వాట్లు, మాటల్లో గరిష్ఠంగా 10 వాట్లు దాటకుండా ప్రసారం చేయడం. చేత్తో కట్టుకున్న చిన్న సెట్టుతో 28 మెగాహెర్ట్జ్‌లోనో, 50లోనో, 144లోనో దూరాలు అందుకోవడంలో ఉన్న ఆనందం వేల వాట్ల ఆంప్లిఫయర్‌లో దొరకదని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ దారిలోకి వచ్చేవారు క్షేమంగా ఉండాలని నా కోరిక. పవరు చిన్నదైతే ప్రమాదమూ చిన్నదే అన్న నమ్మకం చాలామందిలో పాతుకుపోయింది. వాట్ల అంకె ఒక్కటీ చూసి నిశ్చింతగా ఉండకండి. ఆ పవరు ఎంత చోటులో పోగుపడింది, వెనక ఎలాంటి బ్యాటరీ ఉంది, యాంటెన్నా ఎక్కడ నిలబెట్టారు అన్నవి కూడా లెక్కలోకి రావాలి.

10 గిగాహెర్ట్జ్ సంగతి తీసుకుందాం. ఆ బ్యాండులో (ఫ్రీక్వెన్సీల పట్టీలో) ఎక్కువగా వాడే వేవ్‌గైడ్, అంటే తరంగాలను మోసుకెళ్లే లోహపు గొట్టం, దాని నోరు సుమారు 23 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల ఎత్తు. అంటే విస్తీర్ణం 2.3 చదరపు సెంటీమీటర్లు. అందులోంచి ఒక్క వాటు బయటికి వస్తున్నా, ఆ నోటి దగ్గర తీవ్రత చదరపు మీటరుకు 4,000 వాట్లు దాటుతుంది. 2 గిగాహెర్ట్జ్ పైన సామాన్య ప్రజల శరీరం మొత్తానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పిన హద్దు చదరపు మీటరుకు 10 వాట్లు. శరీరంలో చిన్న భాగానికి మాత్రమే తగిలేటప్పుడు హద్దు కొంత ఎక్కువే కానీ, ఈ అంకె దాన్ని కూడా ఎన్నో రెట్లు మించిపోతుంది. కంటి కటకంలో రక్తనాళాలు ఉండవు, కాబట్టి అక్కడ పుట్టిన వేడిని రక్తం మోసుకుపోలేదు. పవరు వస్తోందో లేదో చూద్దామని వేవ్‌గైడ్‌లోకి తొంగిచూడటం ఈ ప్రయోగాలన్నిటిలోకీ చెడ్డ అలవాటు.

డిష్ పెట్టాక తీవ్రత పరుచుకుంటుంది కానీ మాయమవదు. 60 సెంటీమీటర్ల డిష్‌కు 1 వాటు ఇస్తే, దాని ముందు గరిష్ఠ తీవ్రత చదరపు మీటరుకు 14 వాట్ల వరకు ఉండవచ్చు. ఫీడ్‌కూ (డిష్ మీదికి తరంగాలను వదిలే భాగానికీ) డిష్‌కూ మధ్య తల పెడితే ఇంకా ఎక్కువ. ఫీడ్ సర్దాల్సి వచ్చినప్పుడు ప్రసారం మీట వదిలేస్తే చాలదు, కరెంటు తీగను ఊడదీసి మీ చేతి దగ్గరే పెట్టుకోండి. మీరు అవతల ఉండగా మరొకరు మీట నొక్కే వీలు ఉండకూడదు. ఇంకో మాట: మెరిసే లోహపు డిష్‌ను సూర్యుడి వైపు తిప్పి వదిలేస్తే ఎండ అంతా ఫీడ్ మీద కేంద్రీకరించి ప్లాస్టిక్ భాగాలను కరిగిస్తుంది. మెరుపు లేని రంగు వేసుకోండి, పని లేనప్పుడు గుడ్డ కప్పండి.

కింది వైపు బ్యాండ్లలో దెబ్బ మరో రకం. 28 మెగాహెర్ట్జ్‌లో సగం తరంగం పొడవున్న తీగకు చివరి నుంచి పవరు ఇస్తే అక్కడ ఇంపీడెన్స్ (ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) చాలా ఎక్కువ. 2,500 ఓమ్‌ల దగ్గర 5 వాట్లు అంటే 110 వోల్టుల పైమాటే. ప్రసారంలో ఉండగా ఆ కొస వేలికి తగిలితే చర్మం కాలుతుంది. తీగ కొసలను మనుషులకు అందని ఎత్తులో, ఇన్సులేటర్‌తో కట్టండి.

ఇక కాలం గురించి. మధ్య అక్షాంశాలలో స్పొరాడిక్ ఈ ప్రసారం, అంటే ఆకాశంలో పైన అప్పుడప్పుడు ఏర్పడే విద్యుదావేశపు పొర తరంగాలను దూరాలకు తిప్పి పంపడం, వేసవిలోనే బాగా విచ్చుకుంటుంది. ఉత్తరార్ధగోళంలో మే నుంచి ఆగస్టు దాకా 28, 50 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు ఉన్నట్టుండి తెరుచుకుంటాయి, అప్పుడప్పుడు 144 కూడా. చాలాచోట్ల ఉరుములు మెరుపుల కాలమూ అదే. పైగా ఈ బ్యాండ్ల కోసం సెట్టు పట్టుకుని కొండ ఎక్కుతాం, ఎత్తైన కర్ర నిలబెడతాం. కార్బన్ ఫైబర్ కర్ర కూడా విద్యుత్తును ప్రవహింపజేస్తుందని మరవకండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే పిడుగు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అంతకంటే తగ్గిందా, మాట్లాడుతున్న సంభాషణ ఎంత అరుదైనదైనా సరే, కర్రనూ సెట్టునూ అక్కడే వదిలి కిందికి దిగండి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాకే తిరిగి వెళ్లండి. ఒక్కోసారి ఉరుము వినపడక ముందే రిసీవర్లో బుసబుసమనే రొద పెరుగుతూ పోతుంది, ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అప్పుడిక లెక్కలు కడుతూ కూర్చోకండి. ఇంట్లో అయితే కేబుల్‌ను వాన మొదలు కాకముందే సెట్టు నుంచి తీసేయాలి. మెరుపులు మొదలయ్యాక దాని మీద చెయ్యి వేయవద్దు.

కర్ర నిలబెట్టే చోట పైకి చూడండి. అది ఎటు పడినా కరెంటు తీగలకు తగలనంత దూరం, ఆపైన మరో 3 మీటర్లు ఉండాలి.

బ్యాటరీని చాలామంది పట్టించుకోరు. సెట్టు తాగేది ఒకటి రెండు ఆంపియర్లే కావచ్చు, కానీ లిథియం బ్యాటరీ షార్టయితే ఎర్రగా కాలిన తీగ, ఆ వెంటనే మంట. ఫ్యూజు సెట్టులో ఉంటే సరిపోదు, బ్యాటరీ ప్లస్ కొసకు పక్కనే ఉండాలి. ఉంగరాలు, లోహపు గడియారం తీసి పక్కన పెట్టండి. పాత పరికరాల నుంచి తీసిన పవర్ ట్రాన్సిస్టర్లలో తెల్లటి పింగాణీ బెరీలియం ఆక్సైడ్ కావచ్చు. దాన్ని పగలగొట్టడం, ఆకురాయితో రాయడం ఎంతమాత్రం చేయకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు తీరని హాని చేస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవి మన ఒంటి క్షేమం కోసం. ఇతరుల క్షేమం ఫిల్టర్ మీద ఆధారపడుతుంది. సెట్టు తన ఫ్రీక్వెన్సీతో పాటు దాని రెట్టింపుల్లోనూ కొంత పవరును వదులుతుంది, దాన్ని ఆపేదే ఫిల్టర్. 28 మెగాహెర్ట్జ్‌కు నాలుగు రెట్లు 112. అది విమానాలకు దారి చూపే సంకేతాల బ్యాండు. 50కి రెండు రెట్లు 100, సరిగ్గా ఎఫ్ఎం రేడియో నడుమ. ఇంట్లో కట్టిన సెట్టును స్పెక్ట్రమ్ ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత పవరు వస్తోందో చూపే పరికరం) మీద ఒకసారైనా చూడకుండా, పై ఫ్రీక్వెన్సీలను ఆపే లో పాస్ ఫిల్టర్ లేకుండా యాంటెన్నాకు కలపకండి. అప్పటిదాకా డమ్మీ లోడే (యాంటెన్నాకు బదులు పవరును వేడిగా మార్చేసే నిరోధకమే) దానికి తగిన చోటు. డబ్ల్యూఎస్‌పీఆర్ (అతి బలహీన సంకేతాలతో దారి తెరిచి ఉందో లేదో చూసే డిజిటల్ పద్ధతి) లాంటి పద్ధతుల్లో ప్రసారం దాదాపు 110 సెకన్లు ఆగకుండా సాగుతుంది, కాబట్టి మాటలకు సరిపోయిన హీట్ సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) అక్కడ చాలకపోవచ్చు.

ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ యాంటెన్నా నుంచి పవరు ఎంత వెనక్కి తిరిగి వస్తోందో చెబుతుంది; అంకె 1కి దగ్గరగా ఉంటే మంచిది. అది మంచి అంకె చూపిందని పొంగిపోవద్దు. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు వాడితే 432 మెగాహెర్ట్జ్‌లో పవరులో పదో వంతు కూడా అవతలికి చేరడం కష్టం. తిరిగి వచ్చేది అదే దారిలో మళ్లీ క్షీణిస్తుంది. అందువల్ల అవతల యాంటెన్నా ఊడిపోయినా మీటర్ 1.2 దగ్గరే నిలబడి అంతా బాగుందని చెబుతుంది. కొలత యాంటెన్నా దగ్గర తీసుకోండి.

మీ లైసెన్సు ఏ ఫ్రీక్వెన్సీలకు, ఎంత పవరుకు అనుమతిస్తుందో ముందే చూసుకోండి. బ్యాండు అంచుల దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి: ఆసిలేటర్ (సెట్టులో ఫ్రీక్వెన్సీని పుట్టించే భాగం) పది లక్షల్లో ఒక వంతు తప్పితే 144 మెగాహెర్ట్జ్‌లో తేడా 144 హెర్ట్జే, 10 గిగాహెర్ట్జ్‌లో అది 10 కిలోహెర్ట్జ్. ప్రసారానికి ముందు వినండి. 28.200 మెగాహెర్ట్జ్‌లో 18 అంతర్జాతీయ బీకన్లు (దారి తెరిచి ఉందో లేదో తెలియడానికి వాటంతటవే పలికే కేంద్రాలు) మూడేసి నిమిషాలకోసారి వంతులవారీగా పలుకుతాయి. ప్రతిదీ తన గుర్తు చెప్పి, 100 వాట్లు, 10, 1, చివరికి 0.1 వాటుతో ఒక్కో గీత పంపుతుంది. ఆ చివరి గీత మీకు వినిపిస్తే, మీ చిన్న సెట్టుకు ఆ దిక్కున దారి తెరిచి ఉన్నట్టే. అక్కడ మాత్రం మీరు మీట నొక్కకండి, వేరే ఖాళీ చోటికి జరిగి పిలవండి.